చిన్న చిలుకలకు తిండితోపాటు పనీ పెట్టండి

ప్రశ్న: మాది గుంటూరు. పోయిన సంవత్సరం మా పాప పుట్టినరోజుకి లవ్ బర్డ్స్ జత కొన్నాం. ఒకటి నీలం, ఒకటి ఆకుపచ్చ. షాపతను గుండ్రటి పంజరం, ఒక మట్టి ముంత, చిన్న అద్దం ఇచ్చి, కొర్రలు వేస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదన్నాడు. మేమూ రోజూ గిన్నె నిండా పోస్తున్నాం. ఆకుకూర పెడితే భయపడి అవతలి మూలకు పోతాయి. నీలంది రోజంతా అద్దం ముందే కూర్చుని, తిన్న గింజలు కక్కి అద్దానికి తినిపిస్తోంది. ఆకుపచ్చది రెండుసార్లు గుడ్లు పెట్టింది, పిల్లలు కాలేదు. ఇప్పుడు ముంత ఖాళీగా ఉంది. అది మాత్రం బాగా లావెక్కి ఎగరడమే మానేసింది. మా అత్తగారు “ఎందుకొచ్చిన పాపం, వదిలేయండి” అంటున్నారు. వీటికి అసలు ఏం పెట్టాలి? ఆటవస్తువులు నిజంగా అవసరమా? వదిలేస్తే బతుకుతాయా?

సమాధానం:

అమ్మా, మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే అది ఆలస్యమైతే ప్రమాదం. వదిలేస్తే బతకవు. మీ దగ్గరున్నవి బడ్జీలు, మన షాపుల్లో వీటినే లవ్ బర్డ్స్ అని అమ్ముతారు. వీటి సొంత చోటు ఆస్ట్రేలియా లోపలి పొడి గడ్డినేలలు. జాన్ గౌల్డ్ అనే పక్షిశాస్త్రవేత్త 1840లో వీటిని ప్రాణాలతో ఇంగ్లండ్ తీసుకెళ్లాడు. అప్పటి నుంచి తరతరాలుగా పంజరాల్లో పుట్టి పెరిగిన జాతి ఇది. మీ నీలం పక్షి రంగు కూడా ఈ పెంపకంలో వచ్చిందే, అడవిలో ఉండేవి ఆకుపచ్చ, పసుపు రంగుల్లో ఉంటాయి. గింజ ఎక్కడ దొరుకుతుందో, కాకి వస్తే ఎటు పారిపోవాలో వీటికి ఎవరూ నేర్పలేదు. బయటికి వదిలితే ఒకటి రెండు రోజుల్లో ఆకలికో, కాకులకో, పిల్లికో బలైపోతాయి. మీ అత్తగారి మాటలో ఉన్న దయ నిజమైనది. ఆ దయను పంజరం లోపల చూపించే దారి చెప్తాను, ఆవిడకీ చదివి వినిపించండి.

రెండో తొందర పని డాక్టరు. ఆకుపచ్చది లావెక్కిందని రాశారు. గింజలు తిని కొవ్వు పట్టి ఉండొచ్చు. కానీ పొట్ట ఉబ్బినట్టు ఉంటే లోపల గుడ్డు ఇరుక్కోవడం, కాలేయం పెరగడం, కణితి రావడం కూడా ఉంటాయి, పైకి అన్నీ లావులాగే కనిపిస్తాయి. తోక దగ్గర తడిగా ఉన్నా, ముక్కుతున్నట్టు ఊగుతున్నా, పంజరం అడుగున కూర్చున్నా ఈ రోజే తీసుకెళ్లండి. అలాంటివేమీ లేకపోయినా ఈ వారంలో ఒకసారి చూపించండి. అన్ని పశువుల ఆసుపత్రుల్లోనూ చిలుకలను చూసే అనుభవం ఉండదు కాబట్టి ముందు ఫోన్ చేసి అడిగి వెళ్లండి. మనుషుల మాత్రలు అరగదీసి నీళ్లలో కలపడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. ముప్పై, నలభై గ్రాముల ప్రాణి అది.

ఇక తిండి, ఆట. మీరు వీటిని రెండు ప్రశ్నలుగా అడిగారు. నా లెక్కలో రెండూ ఒకటే. ఆస్ట్రేలియాలో ఈ పక్షులు గుంపులు గుంపులుగా, వాన పడిన చోటల్లా వెతుక్కుంటూ తిరుగుతాయి. నేలమీద దిగి, గడ్డి దుబ్బుల మధ్య నడుస్తూ, కంకుల్లోంచి రాలిన గింజను ఏరుకుని, పొట్టు ఒలుచుకుని తింటాయి. నీళ్ల కోసం దూరం ఎగురుతాయి. మధ్యాహ్నం ఎండకి చెట్టు మీద చేరి ఒకదాని ఈకలు ఒకటి సవరించుకుంటాయి. పగటి పొద్దులో చాలా భాగం తిండి సంపాదించుకోవడంలోనే గడిచిపోతుంది. మీ పంజరంలో ఆ పని గిన్నె దగ్గర కొద్ది నిమిషాల్లో అయిపోతోంది. మిగిలిన పొద్దంతా ఒకటి అద్దంతో కాపురం చేస్తోంది, ఇంకోటి మళ్లీ మళ్లీ గిన్నె దగ్గరికే వెళ్తోంది. కాబట్టి కొత్తగా బొమ్మలు కొనడం కంటే ముందు, పెట్టే తిండిని కాస్త కష్టపడి సంపాదించుకునేలా పెట్టడం నేర్చుకోవాలి.

కొర్రలు మంచివే. వీటికి చిరుధాన్యాలంటే ప్రాణం. చిక్కల్లా అవి మాత్రమే పెట్టడంలో ఉంది. గింజల్లో విటమిన్ ఎ దాదాపు ఉండదు, కాల్షియం చాలా తక్కువ, అయోడిన్ కూడా చాలదు. నెలల తరబడి ఉత్త గింజల మీద బతికిన బడ్జీలకు ముక్కు, ఊపిరితిత్తుల జబ్బులు తొందరగా అంటుకుంటాయి, గొంతులో థైరాయిడ్ వాచి ఊపిరి కష్టమవుతుంది, కాలేయానికి కొవ్వు పడుతుంది. గుడ్లు పెట్టే ఆడపక్షికి కాల్షియం చాలకపోతే గుడ్డు పెంకు మెత్తగా తయారై లోపలే ఇరుక్కుంటుంది, ప్రాణం పోతుంది. మీ ఆకుపచ్చది రెండుసార్లు గుడ్లు పెట్టిందంటే ఒంట్లో ఉన్న కాస్త కాల్షియమూ దానికే ఖర్చుపెట్టింది.

గింజలను ఇలా మార్చండి. కొర్రలతోపాటు సామలు, వరిగలు, ఊదలు, కాసిని రాగులు, సజ్జలు కలపండి. కిరాణా కొట్లో మన కోసం అమ్మే కొర్ర బియ్యం కాకుండా పైపొట్టు ఉన్నవి తీసుకోండి. ఆ పొట్టు ఒలవడమే వాటికి సగం పని, పొట్టు ఉన్న గింజ తొందరగా ముక్కిపోదు కూడా. పొద్దుతిరుగుడు గింజలు కొవ్వు ఎక్కువ, ఆకుపచ్చదానికి అసలు వద్దు. ఒక్కో పక్షికి రోజుకు ఒకటిన్నర టీస్పూన్లు కొలిచి పెడితే చాలు, గిన్నె నింపకండి. ఇక్కడ ఒక హెచ్చరిక. బడ్జీ గింజ తిని పొట్టును గిన్నెలోనే వదిలేస్తుంది. పైనుంచి చూస్తే గిన్నె నిండుగానే ఉంటుంది, అడుగున గింజ ఉండదు. అలా చూసి మోసపోయి, తిండి ఉందనుకుని పక్షిని పస్తు పెట్టిన ఇళ్లు చాలా ఉన్నాయి. రోజూ గిన్నెను బయటికి తీసి పొట్టు ఊదేసి చూడండి.

చిలుకల కోసం పోషకాలు కలిపి తయారుచేసే చిన్న ఉండలు, పెల్లెట్లు, పెద్ద ఊళ్లలోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. బడ్జీలకు సరిపోయే సన్న సైజువి, రంగులు కలపనివి చూసి తెచ్చుకోగలిగితే నెమ్మదిగా సగం గింజల స్థానంలో అలవాటు చేయండి. అయోడిన్, విటమిన్లు అన్నీ ఒకేచోట అందుతాయి. కానీ ఒక్కరోజులో గింజలు ఆపేసి పెల్లెట్లు పోయకండి. అవి తిండి అని బడ్జీకి తెలియదు. ఇంత చిన్న పక్షి రెండు రోజులు తినకపోతే చనిపోవచ్చు. మొండికేస్తే మాడ్చి దారికి తేవడం అనేది వీటి విషయంలో ఎప్పుడూ చేయకూడని పని.

ఆకుకూర చూసి భయపడడం మామూలే. పుట్టినప్పటి నుంచి చూడని వస్తువు ఒక్కసారిగా పక్కకు వచ్చి పడితే చిన్న పక్షికి అది శత్రువు. కొత్తిమీరతో మొదలుపెట్టండి. నాలుగు రెమ్మలు బాగా కడిగి, నీళ్లు దులపకుండా, పంజరం పైకప్పుకు బట్టల క్లిప్పుతో వేలాడదీయండి. పొద్దున్నే, గింజలు పెట్టడానికి ముందు, ఆకలి మీద ఉన్నప్పుడు. రెండు మూడు గంటలుంచి తీసేయండి. తడి ఆకులకు ఒళ్లు రుద్దుకుని స్నానం చేయడం వీటికి చాలా ఇష్టం, ముందు స్నానంతో దగ్గరై తర్వాత కొరకడం మొదలుపెడతాయి. వారం పట్టొచ్చు, నెల పట్టొచ్చు. మీ పాపను పంజరం పక్కన కూర్చోబెట్టి ఒక ఆకు నమలమనండి. గుంపు పక్షులు కదా, పక్కవాళ్లు తినడం చూస్తే వాటికీ ధైర్యం వస్తుంది.

కొత్తిమీర అలవాటైతే మునగాకు, మెంతికూర, పుదీనా వంతులవారీగా పెట్టండి. మునగాకు మన పెరట్లో దొరికే వరం, కాల్షియమూ విటమిన్ ఎ కి కావలసిన కెరోటిన్ రెండూ ఉంటాయి. పాలకూర, తోటకూరల్లో కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వని ఆక్సలేట్లు ఎక్కువ, అవి ఎప్పుడో ఒకసారి చాలు. క్యారెట్ తురుము, ఎర్ర క్యాప్సికం, గుమ్మడి, బీన్స్, లేత మొక్కజొన్న అన్నీ పనికొస్తాయి. పండ్లు ఇష్టపడితే గింజ తీసిన యాపిల్, జామ, బొప్పాయి చిటికెడంత పెట్టొచ్చు. పురుగుమందు భయం ఉంటుంది కాబట్టి ఏదైనా ధారగా పారే నీళ్లలో బాగా కడగాలి.

మొలకలు వీటికి విందు. పొట్టున్న కొర్రలు రాత్రి నానబెట్టి, పొద్దున కడిగి వడకట్టి, తెల్లటి మొన కనిపించగానే పెట్టండి. మన వేసవిలో అవి గంటల్లోనే పులిసిపోతాయి. వాసన మారితే పారేయాల్సిందే, పెట్టినవి కూడా రెండు గంటల్లో తీసేయాలి. మొలకల్లో క్యారెట్ తురుము కలిపితే గింజ కోసం వచ్చి కూరగాయ రుచి చూస్తాయి. ఉడికించిన గుడ్డు పెట్టమని చాలామంది చెప్తారు. గుడ్లు పెట్టే ఊపు తగ్గించాల్సిన మీ ఆకుపచ్చదానికి అది ఇప్పుడు వద్దు, మళ్లీ గుడ్ల మీదకి వెళ్తుంది.

కాల్షియం కోసం కటిల్ బోన్ ఒకటి పంజరానికి కట్టండి. మూలికల కొట్లో సముద్రపు నురుగు అని అమ్మేది అదే. మెత్తటి వైపు పక్షికి అందేలా ఉంచండి. ఇసుక, గ్రిట్ అనే సన్న రాతి రవ్వ అవసరం లేదు, పొట్టు ఒలిచి తినే పక్షికి అవి లేకుండానే అరుగుతుంది. మంచినీళ్లు రోజూ మార్చి గిన్నె తోమాలి, ఎండాకాలంలో రెండు పూటలా.

పెట్టకూడనివి కొన్ని ఖచ్చితంగా గుర్తుపెట్టుకోండి. అవకాడో ఈ పక్షులకు విషం. చాక్లెట్, కాఫీ, టీ, ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు వేసిన చిరుతిళ్లు, యాపిల్ గింజలు ఏవీ వద్దు. ముద్దుగా కదా అని మన నోట్లోది పెట్టకండి. వంటింటి విషయం ఇంకా ముఖ్యం. నాన్‌స్టిక్ పెనం పొయ్యి మీద మరిచిపోయి బాగా కాలితే వచ్చే పొగ మనకు పెద్దగా తెలియదు, బడ్జీలు మాత్రం నిమిషాల్లో చనిపోతాయి. పంజరం వంటింటి దగ్గర ఉంటే ఇవాళే మార్చండి. అగరుబత్తులు, సాంబ్రాణి, దోమల కాయిల్, రూమ్ ఫ్రెషనర్ కూడా ఆ గదిలో వద్దు. దేవుడి గదికీ వాటికీ మధ్య ఒక తలుపైనా ఉండాలని అత్తగారికి చెప్పండి, ఆవిడ అర్థం చేసుకుంటారు.

ఇప్పుడు పంజరంలోంచి రెండు వస్తువులు తీసేద్దాం. మొదటిది అద్దం. మగపక్షి తన జోడుకు ఇలా కక్కి తినిపిస్తుంది, అది ప్రేమ చేష్టే. అద్దంలో పక్షి ఎంతకీ బదులివ్వదు కాబట్టి నీలంది అక్కడే చిక్కుకుపోయింది, పక్కనున్న తోడును వదిలేసింది. అద్దం తీసిన నాలుగైదు రోజులు వెతుక్కుంటుంది, అరుస్తుంది, తర్వాత జోడు వైపు తిరుగుతుంది. అయితే తల అటూ ఇటూ విదిలించి గింజలు చిమ్మడం, తలమీద ఈకలు జిగటగా అతుక్కోవడం కనిపిస్తే అది వాంతి, జబ్బు. దాన్నీ డాక్టరుకు చూపించాలి.

రెండోది ముంత. ముంత కనిపిస్తే ఆడ బడ్జీకి గుడ్లు పెట్టాలనే అనిపిస్తుంది. ముక్కురంధ్రాల చుట్టూ ఉండే మెత్తటి భాగం దానికి ముదురు గోధుమరంగులో గరుకుగా ఉంటే ఇంకా ఆ ఊపులోనే ఉందని అర్థం. ఖాళీగా ఉంది కాబట్టి ముంతను తీసేయండి. గుడ్లు ఉన్నప్పుడైతే మధ్యలో లాగేస్తే వాటి బదులు ఇంకా పెడుతుంది, అప్పుడు అది విసిగి వదిలేసేదాకా ఆగాలి. రాత్రిపూట పది, పన్నెండు గంటల పాటు చీకటి, నిశ్శబ్దం ఇవ్వండి. హాల్లో టీవీ పదకొండు దాకా నడిస్తే వాటికి నిద్ర లేదు, పైగా పగలు పొడుగైందనుకుని గుడ్ల కాలమని భ్రమపడతాయి.

పంజరం మార్చమని చెప్పడం ఖర్చుతో కూడిన సలహా అని తెలుసు, అయినా చెప్పాలి. గుండ్రటి పంజరంలో ఈ పక్షి ఎగరలేదు. ఇది పైకి కాదు, అడ్డంగా ఎగిరే పక్షి. జతకు కనీసం రెండున్నర అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉండాలి, కమ్మీల మధ్య సందు అర అంగుళం దాటకూడదు. తుప్పు, ఊడే పూత ఉండకూడదు. ప్లాస్టిక్ కడ్డీలు తీసేసి జామ కొమ్మలో వేప కొమ్మలో కడిగి ఎండబెట్టి అమర్చండి. ఒకటి చిటికెన వేలంత, ఒకటి బొటనవేలంత లావు ఉంటే పాదాలకు వ్యాయామం, ఒకే మందం కడ్డీ మీద నెలల తరబడి కూర్చుంటే పాదాల కింద పుండ్లు పడతాయి. బెరడు ఒలవడానికి ఆకుపచ్చది పొద్దంతా శ్రమిస్తుంది చూడండి, ఆడ బడ్జీలకు కొయ్య కొరకడం అంత ఇష్టం.

ఆటవస్తువుల గురించి. మీ ఇంట్లో ఉన్నవే చాలు. నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మేది చేట. రంగు, వార్నిష్ లేని పాత వెదురు చేటలో మందు కొట్టని చోట కోసిన గరిక కడిగి పరిచి, ఆ రోజు కొలిచిన గింజల్లో సగం అందులో చల్లండి. పంజరం అడుగున పెట్టండి, చేట పట్టకపోతే వెడల్పు పళ్లెం. నేలమీద నడిచి ఏరుకోవడమే వీటి స్వభావం. మొదటి రోజు దూరం నుంచి చూస్తాయి. అలవాటయ్యాక అరగంట, గంట అదే పని. లావెక్కిన పక్షికి ఇంతకంటే మంచి మందు లేదు, ప్రతి గింజకూ నడవాలి.

కొర్ర కంకులు దొరికితే వదలకండి. అనంతపురం, కర్నూలు వైపు కొర్ర పండించే చుట్టాలెవరైనా ఉంటే కోతలప్పుడు ఒక కట్ట అడగండి. పెట్ షాపుల్లో పొట్లం కట్టి ఖరీదుగా అమ్మేది అదే. కంకిని తలకిందులుగా వేలాడదీస్తే దాన్ని పట్టుకుని వేలాడుతూ తింటాయి. ఇష్టం కాబట్టి రోజూ ఇవ్వకండి, వారానికి రెండుసార్లు, చేతికి మచ్చిక చేసుకోవడానికి దాచుకోండి. విస్తరాకు ముక్కలో నాలుగు గింజలు మడిచి పుల్ల గుచ్చి కమ్మీల మధ్య దోపండి. మొక్కజొన్న పొట్టు ముడి వేసి వేలాడదీయండి. తాటాకు చీలికలు చింపడమంటే వాటికి పండగ. దారాలు, నైలాన్ పోగులు మాత్రం వద్దు, గోళ్లకు చుట్టుకుని కాలు తెగుతుంది. నోరు చీలిన చిన్న మువ్వలు కూడా వద్దు, అందులో వేలు ఇరుక్కుంటుంది. అన్నీ ఒకేసారి కుక్కకుండా రెండు మూడు వస్తువులుంచి వారానికొకటి మార్చండి. కొత్తదాన్ని ముందు పంజరం బయట ఒక రోజు కనబడనివ్వండి.

రోజుకొకసారి గదిలో ఎగరనివ్వాలి. ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపి స్విచ్చి మీద ఒక కాగితం అతికించండి, మన ఇళ్లలో ఈ పక్షులకు పెద్ద గండం అదే. కిటికీలు మూసి తెర లాగండి, ఉత్త గాజు వాటికి కనబడదు. నీళ్ల బకెట్ల మీద మూతలు పెట్టండి. పట్టుకుని బయటికి తీయకండి, తలుపు తెరిచి ఆగండి, వాటంతట అవే వస్తాయి. వెనక్కి రావాలంటే లోపల కొర్ర కంకి పెడితే చాలు. పొద్దుటి ఎండ ఇరవై నిమిషాలు మంచిదే, గాజు అడ్డం లేకుండా, పంజరంలో సగానికి నీడ ఉండేలా, మీరు పక్కన నిలబడి. గుంటూరు మే నెల ఎండలో మాత్రం ఇంట్లో చల్లటి మూలకు మార్చండి. రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి నోరు తెరిచి ఎగపోస్తుంటే వెంటనే చల్లటి చోటికి తీసుకెళ్లి పాదాల మీద మామూలు నీళ్లు చిలకరించండి.

ఇవన్నీ చేసే తీరిక మీ ఇంట్లో లేకపోతే, పక్షులను బాగా చూసుకునే, పక్షులు ఎగరగలిగేంత పెద్ద గూడున్న వాళ్లకు రెండింటినీ కలిపి ఇవ్వండి, విడదీయొద్దు. వీటి బదులు రామచిలుకను పెంచుకుందాం అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద అది నేరం.

పాపకు ఒక పని అప్పగించండి. గ్రాములు చూపించే వంటింటి డిజిటల్ త్రాసు మీద చిన్న డబ్బా పెట్టి, కంకి ఆశ చూపి ఒక్కో పక్షిని ఎక్కించి, ప్రతి ఆదివారం పొద్దున తిండి పెట్టకముందు బరువు రాయమనండి. పక్షి జబ్బును దాచుకుంటుంది, ఈకలు ఉబ్బించి మూలకు కూర్చునేసరికే చాలా ఆలస్యమవుతుంది. బరువు ఒక్కటే ముందుగా చెప్తుంది. ఆకుపచ్చది నెలకు ఒకటి రెండు గ్రాములు తగ్గితే సరైన దారిలో ఉంది. ఏ పక్షైనా వారంలో మూడు, నాలుగు గ్రాములు పడిపోతే ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఆ రోజు రెట్ట ఫోటో కూడా తీసుకెళ్లండి.